జాడీ వెనక సగం పువ్వు

మా ఇంట్లో సజ్జ మీద రెండు గుండ్రటి మచ్చలున్నాయి. చుట్టూ ఉన్న దుమ్ము కంటే ఆ మచ్చల్లో దుమ్ము పలచన. అక్కడ ఉండాల్సిన రెండు పూల జాడీలు లేవని నేను గమనించేనాటికి నా భార్య పోయి ఏడు నెలలైంది. దుమ్మును బట్టి చూస్తే జాడీలు పోయి కూడా ఇంచుమించు అంతే అయివుండాలి. మొదట నాకు వచ్చింది దుఃఖం కాదు. ఎవరు తీశారన్న ప్రశ్న.

నేను జగిత్యాలలో గ్రంథాలయ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కొత్త పుస్తకం అట్ట మీద బంగారు రంగు అక్షరాలు కనిపిస్తే ముందు లోపలి కుట్టు చూసేవాణ్ణి, ఏం తక్కువైతే పైన ఇంత మెరుపు పెట్టారోనని. ఇంట్లోనూ అంతే. గోడకు పటాలు, టీవీ మీద అల్లిన గుడ్డ, గుమ్మానికి ప్లాస్టిక్ పూలు ఏవీ నాకు నచ్చేవి కావు. అలాంటివాడి ఇంటికి, పూలు వేయడమే పనిగా ఉన్న మనిషి వచ్చింది.

పెళ్ళికి ముందు కొన్నేళ్ళు, పెళ్ళయ్యాక మూడేళ్ళు ఆమె కోరుట్లలో ఒక చిన్న కార్ఖానాలో పనిచేసింది. పుట్టిల్లు సిరిసిల్ల. కోరుట్లలో చిన్నమ్మ ఇంట్లో ఉండి పనికి పోయేది, పెళ్ళయ్యాక జగిత్యాల నుంచి రోజూ బస్సులో. ఎక్కడో బయట కుండల పని నేర్చుకుని వచ్చిన ఒకాయన ఆ కార్ఖానా పెట్టాడు. చక్రం మీద చేసిన జాడీలు ఆరిన తర్వాత ఐదారుగురు ఆడపిల్లలు కుంచెతో వాటి మీద పూలు, తీగలు వేసేవారు. ఆపైన గాజులా మెరిసే పూత పూసి భట్టీలో కాల్చేవారు. ప్లాస్టిక్ డబ్బాలు ఇళ్ళలోకి వచ్చాక కార్ఖానా మూతపడింది. ఆ జాడీల్లో పచ్చళ్ళు పెట్టుకున్నవాళ్ళు కూడా వాటిని మరిచిపోయారు. ఇప్పుడేమో హైదరాబాదు నుంచి కార్లలో వచ్చి వెతుకుతున్నారు. చేత్తో వేసిన పూలట, అలాంటివి మళ్ళీ రావట.

ఆమె వేసిన జాడీని నేను వెనకవైపు నుంచి గుర్తుపట్టేవాణ్ణి. ఆమె నేతపనివాళ్ళ బిడ్డ. చీర అంచు ఎలా సాగుతుందో జాడీ మెడ కింద పువ్వు పక్కన పువ్వు అలాగే వేసుకుంటూ పోయేది. చీర అంచు ఒక కొన దగ్గర మొదలై ఇంకో కొన దగ్గర ఆగిపోతుంది. చివరి పువ్వు మొదటి పువ్వును కలవాల్సిన అవసరం లేదు. జాడీ తిరిగి మొదటికే వస్తుంది. వచ్చేసరికి ఆమెకు చోటు చాలేది కాదు, సగం పువ్వు వేసి ఆపేది. మిగతా ఆడపిల్లలు పెన్సిలుతో జాడీని సగానికి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి గీసుకుని వేసేవారు. ఆ పద్ధతి ఈమెకు పట్టుబడలేదు. యజమాని కోప్పడి అలాంటివి అమ్మకానికి పనికిరావని పక్కన పెట్టేవాడు. ఆ పక్కన పెట్టినవే మా ఇంటికి రెండు, సిరిసిల్లలో వాళ్ళమ్మ ఇంటికి ఒకటి వచ్చాయి.

వాటిని ఇంటికి తెచ్చిన రోజు నేను ఒకదాన్ని తిప్పి చూశాను.

"వెనక చెడిపోయింది," అన్నాను.

"గుడ్డకైతే మంచిగనే వస్తుండె," అంది.

"పువ్వే లేకుంటే తప్పు కూడ ఉండకపోవు గద."

ఆమె నవ్వింది. సగం పూలను గోడవైపు తిప్పి రెండు జాడీలనూ సజ్జ మీద పెట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా అవి అలాగే ఉన్నాయి. వాటి గురించి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు.

ఆమె పోయాక నేను చూస్తే ఇంట్లో ఆమె చేతిపని అని చెప్పదగ్గది ఏదీ లేదు. చీరలు ఎవరో నేసినవి, గిన్నెలు ఎవరో చేసినవి. ఉత్తరాలు రాసుకునే అవసరం మాకు పడలేదు. ఆ జాడీలే ఉండాలి. అవే లేవు. ఆమె చెయ్యి పడ్డ వస్తువు ఒక్కటి, అనుమానం లేకుండా ఆమెదే అయినది, నాకు కావాలనిపించింది.

మైల దినాల్లో ఇల్లు చూసుకున్నది మా అక్క. ఆమెది గొల్లపల్లి. ఫోన్ చేసి అడిగాను.

"ఏ జాడీలు తమ్మీ?"

"సజ్జ మీద ఉండేవి. పూలవి."

"గవా? గవి మట్టివాయె. ఇత్తడియి, స్టీలియి చింతపండు వెట్టి తోమిన. మట్టియి మైలకు ఎట్ల ఉంచుతం? నీళ్ళ కుండతోటి, కూరొండే అటికెతోటి ఇంటెనుక బోర్లేసి వెట్టిన."

"అక్కా, అవి మట్టివి కావు. పింగాణీవి."

"పింగాణీ మాత్రం ఆకాశంకెల్లి వడ్తదా? గదీ మట్టేనాయె."

"తర్వాత ఎవరు తీసిండ్రు?"

"నాకేం ఎరుక? తెల్లారి సూస్తె కుండ ఉన్నది, జాడీలు లెవ్వు."

మట్టి పాత్రలు తీసేయడం మా ఇళ్ళలో పద్ధతే. నాకు అది తెలుసు. కానీ కుండను వదిలి జాడీలనే తీసుకుపోయిన మనిషికి వాటి విలువ తెలిసి ఉండాలి. అక్క కోడలికి పాత వస్తువులంటే ఇష్టమన్న సంగతి గుర్తొచ్చింది. అక్క నాకంటే పదేళ్ళు పెద్దది, నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి, పదకొండు రోజులు మా ఇంట్లో వంట చేసింది. ఆమె మీద నాకు వచ్చిన ఆలోచన ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా వచ్చింది.

కొన్ని రోజులకు రిటైరైనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫోటో పంపారు. 'కోరుట్ల పూల జాడీ, అసలైనది. ఇలాంటివి మీ ఇంట్లో ఉంటే కొంటాం.' ఫోటోను పెద్దది చేసి చూశాను. నీలిరంగు పువ్వు, ఐదు గీతల్లో. పువ్వుకూ పువ్వుకూ మధ్య కావిరంగు చుక్కలు రెండు. ఆమె పువ్వే. మా జాడీయే అనుకున్నాను. ఫోటో ముందువైపు నుంచి తీశారు. వెనక కనబడలేదు. అది కావాలనే చేశారని నాకు అనిపించింది.

మర్నాడు కోరుట్ల పోయాను. దుబాయిలో పదేళ్ళు పనిచేసి తిరిగొచ్చిన ఒకతను ఇంటి ముందు గదిలో పాత సామాను దుకాణం పెట్టాడు. గడియారాలు, ఇత్తడి చెంబులు, గ్రామఫోన్ పెట్టె. ఆ పెట్టె కొత్తగా చేయించి పాతగా కనిపించేలా రంగు రుద్దినదని చూడగానే తెలిసింది. హైదరాబాదు నుంచి వచ్చిన భార్యాభర్తలు అప్పటికే జాడీని బల్ల మీద పెట్టించుకుని చూస్తున్నారు.

నేను వాళ్ళను అడగకుండానే జాడీని చేతిలోకి తీసుకుని తిప్పాను. సగం పువ్వు లేదు. ఇంకోసారి తిప్పాను. ప్రతి పువ్వూ పూర్తిగా ఉంది. ఎక్కడా అతుకు లేదు.

"ఏం సార్, గట్ల తిప్పి తిప్పి సూస్తున్నరు? దొంగసొమ్ము గాదు గది," అన్నాడు దుకాణమతను.

"దీని వెనక సగం పువ్వు ఉండాలె. లేదు."

"మంచిగున్నదాన్ని చెడిపోవాల్నంటున్నరా?"

"ఈ పువ్వు వేసింది నా భార్య. ఆమె చేసిన దేనికీ పువ్వులు ఇట్ల కలవవు. దొంగతనంగ తెచ్చిన జాడీని చూసి ఎవరితోనో కొత్తది వేయించినవు. ఇది నకిలీ."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె ఫోన్ చూసుకుంటూ బయటికి నడిచింది, ఆయన మళ్ళీ వస్తామని చెప్పి కారెక్కాడు.

"నోటికాడి బుక్క ఎత్తగొట్టిండ్రు గద సార్," అన్నాడతను. గొంతు పెంచలేదు. "పెద్దమనిషని ఊకున్న."

తిరిగి వచ్చే బస్సులో నాకు తృప్తిగా ఉందని ఒప్పుకోవాలి. ఇక మిగిలింది రుజువు. సిరిసిల్లలో వాళ్ళమ్మ ఇంట్లో ఉన్న మూడో జాడీని తెచ్చి, దాని సగం పువ్వును దుకాణం బల్ల మీద పెట్టి చూపిస్తే, మా జాడీలు ఎక్కడున్నాయో అతను చెప్పక తప్పదు. అతను చెప్పకపోయినా మూడో జాడీ నా దగ్గర ఉంటుంది. ఈ రెండో ఆలోచన ముందు వచ్చిందో, మొదటిది ముందు వచ్చిందో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను.

నేను వెళ్ళింది సోమవారం. బస్సంతా వేములవాడ గుడికి పోయేవాళ్ళే. వాళ్ళు దిగాక గానీ సీటు దొరకలేదు. సిరిసిల్లలో అత్తగారు పోయాక ఆ ఇంట్లో నా బామ్మర్ది, అతని భార్య ఉంటున్నారు. ముందు గదిలో రెండు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడుతున్నాయి. నన్ను చూసి ఒకదాన్ని ఆపాడు.

"ఏం బావా, తొవ్వ తప్పి అచ్చినవా? అక్క పోయినంక గీ గడప తొక్కుడు ఇదే మొదలు."

"జాడీ చూద్దామని వచ్చిన."

"అరే! నన్ను సూడనీకి అచ్చినవనుకుంటి. జాడీ నాకంటె అందంగున్నదా?"

"నీకంటె ఏదైన అందమే," అంది అతని భార్య లోపలి నుంచి. "అన్నకు ముందుగాల చాయన్న పొయ్యనియ్యి."

చాయ్ తాగేదాకా అతను నవ్వుతూనే ఉన్నాడు. కప్పు కింద పెట్టగానే అడిగాడు.

"అమ్మనీకా?"

"ఏంది?"

"జాడీ. ఇప్పటికి ముగ్గురచ్చిండ్రు బావా, ఒకని యెనుక ఒకడు. నువ్వు గూడ గదే పనిమీద అచ్చినవా?"

నేను కోరుట్ల దుకాణంలో ఎదుటివాణ్ణి ఎలా చూశానో, అతను నన్ను అలాగే చూస్తున్నాడు. అమ్మడానికి కాదని చెప్పాను. మా ఇంట్లోవి పోయిన సంగతి, కోరుట్ల జాడీ సంగతి చెప్పాను. అతను నమ్మాడో లేదో కానీ భార్యకు తల ఊపాడు.

ఆమె స్టూలు వేసుకుని సజ్జ మీంచి జాడీని దించింది. వాళ్ళింట్లో సగం పువ్వు గోడవైపు లేదు. ముందుకే ఉంది, వచ్చినవాళ్ళందరికీ కనబడేలా. జాడీలో చింతపండు ఉంది. మూతికి గుడ్డ వేసి దారంతో వాసెన కట్టారు.

"గీ దారం ఇప్పుడంటెనే తిప్పలన్నా. రెండు వేళ్ళకో ముడి," అంది ఆమె గోళ్ళతో పీకుతూ. "అత్తమ్మ ఉన్నన్ని దినాలు ఇంకో దారం కట్టనియ్యకపోవు."

"గది అక్క దారం," అన్నాడు బామ్మర్ది.

నాకు అర్థం కాలేదు. అతను నా మొహం చూసి, నిజంగానే తెలియదా అన్నట్టు ఆగాడు.

"నువ్వేమో అన్నవట గద బావా. పువ్వు లేకుంటె తప్పే ఉండకపోవని. మీ అత్తకు జెప్పి నవ్వింది. నవ్వింది గని, మల్లచ్చినప్పుడు గీ దారం తెచ్చింది. కార్ఖాన్ల పచ్చి జాడీకి సుట్టి కొలత దీసుకున్నదట. గిక్కడ, గీ నేల మీద బారుగ పరిచింది. గుండ్రంగుంటె లెక్క తెలుస్తలేదవ్వా, అంచు లెక్క పరిస్తె తెలుస్తదన్నది. అవ్వ, అక్క ఇద్దరు కూసుండి కొనకెల్లి కొనదాక సమానంగ ముడులేసిండ్రు. గా దారం కట్టుకుని ఏసినంక గింత గూడ తప్పు పోలేదట."

"మరి ఆ జాడీలేవి?"

"అమ్ముడువోయినయి. మంచిగచ్చినయి ఇంటికెందుకిస్తరు? అవ్వకొకటి కొనుక్కస్త అన్నది. గంతల కార్ఖాన బందైంది."

"నాకు ఎప్పుడూ చెప్పలేదు."

"నువ్వెప్పుడన్న అడిగినవా?"

సాంచ ఒకటే ఆడుతోంది. కోరుట్ల దుకాణంలో నేను జాడీ తిప్పిన తీరు, హైదరాబాదు భార్యాభర్తల ముందు నేను అన్న మాట గుర్తొచ్చాయి. పువ్వులు కలిశాయి కాబట్టి ఆమెది కాదన్నాను. అవి కలిసింది నేను అన్న మాట వల్ల.

బామ్మర్ది జాడీని రెండు చేతులతో తన దగ్గరికి జరుపుకున్నాడు. "గిది మాత్రం ఇయ్య బావా. ఏమనుకోకు. మా అవ్వ చెయ్యి వడ్డది, అక్క చెయ్యి వడ్డది. దారం గావాల్నంటె తీస్కపో."

అతని భార్య సాంచ దగ్గర పడి ఉన్న పోగులు నాలుగు పేని మూతి కట్టింది. నేను దారాన్ని జేబులో పెట్టుకున్నాను. చింతపండు జిడ్డుతో నల్లగా ఉంది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ కోరుట్ల. జాడీ అమ్ముడుపోయి ఉంటుందన్న భయంతోనే పోయాను. పోలేదు. నేను అన్న మాట పుణ్యమా అని అది బల్ల కింద ఉంది.

"మల్లచ్చిండ్రా సార్? పోలీసుల తోల్కచ్చిండ్రా?"

"ఒక్కసారి కొలుచుకుంటా."

జాడీ మెడ కింద, పూల వరుస మీదుగా దారాన్ని చుట్టాను. మొదటి ముడిని ఒక పువ్వు నడిమధ్యలో పెట్టాను. రెండో ముడి రెండో పువ్వు నడిమధ్యను కొంచెం దాటింది. మూడోది ఇంకొంచెం. చుట్టు పూర్తయ్యేసరికి దారం మూడు వేళ్ళ వెడల్పు మిగిలిపోయింది. సరిపోలేదు. సరిపోనందుకు నా మనసులో ఏదో కుదుటపడిందని కూడా చెప్పాలి. అంటే నేను తప్పు అనలేదు.

అతను చేతులు కట్టుకుని చూస్తున్నాడు. "ఏం కొలుస్తుండ్రు సార్?"

చెప్పాను, దారం సంగతి అంతా. పచ్చి జాడీకి చుట్టిన దారమని చెప్పేసరికి అతనికి నవ్వొచ్చింది.

"మా నాయిన గా భట్టీ కాడ్నే బొగ్గేసేటోడు. పచ్చిది కాల్తె కుంచుకపోదా సార్? గంత సదువుకున్నరు! దారం మిగలకుంటెనే అనుమానపడాలె." బల్ల మీదికి వంగాడు. "కొలుసుడు ఇడిసిపెట్టి లెక్కవెట్టుండ్రి. ముడులెన్ని?"

లెక్కపెట్టాను. పదిహేడు. అతను వేలితో జాడీని తిప్పుతూ పూలు లెక్కపెట్టాడు. పదిహేడు. నేను మళ్ళీ లెక్కపెట్టాను. అంతే.

"నా కాడికి ఇప్పటిదాక ఇరవై జాడీలచ్చినయి," అన్నాడు. "ఎన్మిది పూలయి, పదారు పూలయి. పెన్సిల్ తోటి సగం, మల్ల సగం కొట్టుకుంట పోతె గంతే అస్తయి. పదిహేడెవలేస్తరు సార్? నాకూ సమజ్ కాలే గీ దాని లెక్క."

ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. బీర్పూర్‌లో ఒక ముసలమ్మ ఇంట్లో ఉప్పు జాడీగా ఉండేదట. మా ఇంట్లోని రెండు జాడీల గురించి తనకేమీ తెలియదన్నాడు. ఈసారి నేను అతని కళ్ళలోకి చూడలేదు.

"మొన్న నకిలీ అన్న. తప్పు నాది," అన్నాను.

"గా మాట నాకెందుకు సార్, గా హైద్రాబాదోళ్ళకు జెప్పుండ్రి." దారం వైపు చూశాడు. "ఒక పని జెయ్యుండ్రి. గా దారం నాకియ్యిండ్రి. జాడీ ఉత్తగనే తీస్కపోండ్రి."

"దారంతో ఏం చేస్తవు?"

"కత సార్. దారం పక్కకు వెడితె జాడీకి కతుంటది."

కథ కోసమే అయివుండవచ్చు. పదిహేడు ముడుల కొలత చేతికొస్తే పదిహేడు పూల జాడీలు ఎన్నయినా పుడతాయన్న ఆలోచన కూడా నాకు వచ్చింది. ఆ గ్రామఫోన్ పెట్టె అక్కడే ఉంది మరి. దారం జేబులో పెట్టుకుని అతను చెప్పిన ధర ఇచ్చాను. తగ్గించమని అడిగే మొహం లేదు. అతను జాడీని పాత తువ్వాలులో చుట్టి ఇచ్చాడు, తువ్వాలు కూడా తీసుకుపొమ్మన్నాడు.

బస్సులో జాడీని ఒళ్ళో పెట్టుకున్నాను. మెట్‌పల్లి నుంచి వస్తున్న ఒకామె పచ్చడి ఎక్కడ కొన్నారని అడిగింది. ఖాళీ జాడీ అని చెప్పాను. సగం దారిలో నాకు ఇంకో సందేహం వచ్చింది. ఆ దారాన్ని కార్ఖానాలో పక్కన కూర్చున్న ఇంకో అమ్మాయి కూడా అడిగి తీసుకుని వాడి ఉండవచ్చు. అడిగితే ఇవ్వనని అనే మనిషి కాదు నా భార్య. ఆ ఐదు గీతల పువ్వును చూసి నేర్చుకుని ఉండవచ్చు. కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ సందేహాన్ని అలాగే ఉంచుకున్నాను, జాడీని కూడా.

సజ్జ మీద పాత మచ్చల్లో ఈ జాడీ అడుగు సరిపోలేదు, కొంచెం చిన్నది. అందుకని కింద అల్మారా మీద పెట్టాను. ఆ ఆదివారం అక్క వచ్చింది.

"అగో, దొర్కినయా తమ్మీ? ఒక్కటేనా?"

"అవి కావు. ఇది వేరేది."

ఆమె మంచం మీద కూర్చుని చాలాసేపు జాడీనే చూసింది. "అప్పుడు ఎరుకలేక బయట వెట్టిన తమ్మీ," అంది. "నువ్వు జెప్తె ఉంచకపోదునా? నువ్వేమో గోడకు మొకం వెట్టి కూసుంటివి. ఏది ఉంచాలె, ఏది తియ్యాలె అని ఎవల్ని అడగాలె నేను?"

ఇన్నాళ్ళూ ఆమె మీద నాకున్న అనుమానం ఆమెకు తెలుసని అప్పుడు అర్థమైంది. లేచి చాయ్ పెట్టాను.

చాయ్ తెచ్చేసరికి ఆమె జాడీని ఒళ్ళో పెట్టుకుని కొంగుతో తుడుస్తోంది. నేను తీసుకుని, ఈ ఐదు రోజులుగా చేస్తున్నట్టే, వెలుతురుకు పెట్టి తిప్పాను. ఎక్కడో ఒక చోట కుంచె నిండా రంగు తీసుకుని మొదలుపెట్టి ఉండాలి. ఆ పువ్వు మిగతావాటి కంటే కొంచెం ముదురుగా ఉండాలి. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"ఏం ఎతుకుతున్నవు?"

"ఎక్కడ మొదలువెట్టిందో చూస్తున్న."

"గుండ్రంగున్నదానికి మొదలేడుంటది?" అని అక్క జాడీని నా చేతిలోంచి తీసుకుని అల్మారా దగ్గరికి నడిచింది. పెట్టబోయి ఆగింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఏ దిక్కు గోడకు వెట్టాలె తమ్మీ?" అంది.

నాకూ తెలియలేదు. ఎటైనా పెట్టమన్నాను.